డబ్బాలోనే చచ్చిపోయే మందు – బ్లీచింగ్ పౌడర్ కథ



ప్రతి ఏడూ మన సంచికలో యుద్ధాల గురించి, పతకాలు సాధించిన వీరుల గురించి మంచి మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నన్ను కూడా ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగారు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి 2016లో సుబేదారుగా రిటైరయ్యాను. చదువు ఇంటర్మీడియట్ వరకే. హైజీన్ డ్యూటీ వాడిని కాబట్టి రైఫిల్ పట్టుకున్న రోజులకన్నా నీళ్ళ ట్యాంకు ఎక్కిన రోజులే ఎక్కువ. అందుకని నాకు బాగా తెలిసిన ఒక వస్తువు చరిత్రే రాస్తున్నాను. అది బ్లీచింగ్ పౌడర్.

నవ్వకండి. మనలో ప్రతివాడూ ఈ పొడి కలిపిన నీళ్ళు తాగే సర్వీసు పూర్తి చేశాడు. లంగర్‌లో టీ వాసన తేడాగా ఉందని తిట్టుకున్నాం గాని, ఆ వాసనే మనల్ని కాపాడిందని అనుకోలేదు. అయితే ఈ పొడిలో ఒక పెద్ద లోపం ఉంది. ఇది నిలకడలేని లవణం. మనం వాడినా వాడకపోయినా డబ్బాలోనే రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతుంది. చచ్చిపోయినా రంగు మారదు. తెల్లగానే ఉంటుంది. ఈ సంగతి తెలియక మనుషులు, నిర్లక్ష్యం చేసి నాలాంటివాళ్ళు ఎలా దెబ్బతిన్నామో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట చూసింది

మాది కృష్ణా జిల్లా దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పదివేల మందికి పైగా పోయారు. ఆ సంగతులు ఇక్కడ రాయను, రాయలేను కూడా. నీళ్ళు తీసిన తర్వాత ఊళ్ళో బావులన్నీ పాడైపోయాయి. ఉప్పునీళ్ళు, బురద, పశువుల కళేబరాలు. అప్పుడు సహాయానికి వచ్చినవాళ్ళు బావులు తోడించి అందులో తెల్లపొడి కలిపారు. మా నాయనమ్మ ఆ నీళ్ళు తాగనని మొండికేసింది. "మందు నీళ్ళు నాకొద్దు" అంది. వాళ్ళలో ఒకాయన చేద నీళ్ళు ఆమె ముక్కు దగ్గర పెట్టి, "ఈ వాసన ఉన్నంతసేపూ భయం లేదమ్మా, వాసన లేకపోతేనే భయపడాలి" అన్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నాయనమ్మ బిందె దించగానే ముందు వాసన చూసేది. ఆమెకు చదువు రాదు. కానీ నేను ట్రైనింగ్‌లో నేర్చుకున్న పాఠం ఆమెకు అప్పుడే వచ్చేసింది.

బట్టల కోసం పుట్టింది

స్కూలు పుస్తకంలో దీన్ని విరంజన చూర్ణం అని చదివాం. విరంజనం అంటే రంగు పోగొట్టడం. పేరులోనే ఉంది, ఇది పుట్టింది నీళ్ళ కోసం కాదు, బట్టల కోసం. మన చాకిరేవులో చౌడు పెట్టి ఉబ్బవేసి ఎండలో ఆరేసినట్టే, యూరప్‌లో కూడా కొత్త గుడ్డను క్షారంలో ఉడికించి, పుల్లటి మజ్జిగలాంటి దాంట్లో నానబెట్టి, పచ్చికబయళ్ళ మీద పరిచేవాళ్ళు. గుడ్డ తెల్లబడటానికి నెలలు పట్టేది.

1774లో స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త క్లోరిన్ వాయువును కనిపెట్టాడు. తర్వాత పదిహేనేళ్ళ లోపే ఫ్రాన్స్‌లో బెర్తొలే అది రంగును హరిస్తుందని చూపించాడు. కానీ వాయువును ఎవరు మోస్తారు? పీల్చితే ఊపిరితిత్తులు పోతాయి. 1799లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వ్యాపారి చార్లెస్ టెనెంట్ దీనికి ఉపాయం పట్టుకొచ్చి పేటెంటు తీసుకున్నాడు. తడిసున్నం మీదుగా క్లోరిన్ పంపితే సున్నం దాన్ని పట్టుకుంటుంది, పొడి తయారవుతుంది. ఈ పని వెనుక ఆయన భాగస్వామి చార్లెస్ మకింటాష్ బుర్ర ఉందని చెబుతారు. వానకోటుకు తన పేరు ఇచ్చిన మకింటాష్ ఆయనే. పీపాలో పోసి ఎక్కడికైనా పంపగలిగే క్లోరిన్ అలా వచ్చింది. నెలల పని రోజుల్లోకి దిగింది.

ఇక్కడే ఒక విషయం గమనించాలి. క్లోరిన్‌కు ఆ సున్నంలో ఉండటం ఇష్టం లేదు. పట్టి బంధించిన ఖైదీ లాంటిది. సందు దొరికితే బయటపడాలని చూస్తుంది. అది సులభంగా బయటికి వస్తుంది కాబట్టే మనకు పనికొస్తుంది. సులభంగా బయటికి వస్తుంది కాబట్టే నిల్వ ఉండదు. రెండూ ఒకటే గుణం. మంచి వేరు, చెడు వేరు కాదు.

ఆసుపత్రికి, అక్కడినుంచి నీళ్ళకు

1847లో వియన్నా పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసేవాడు. అక్కడ పురిటి జ్వరంతో బాలింతలు విపరీతంగా చనిపోయేవారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో వంద మందికి పద్దెనిమిది మంది. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారని ఆయన గుర్తించాడు. మే నెలలో, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కుంటేనే వార్డులోకి రావాలని రూలు పెట్టాడు. జూన్‌లో చావులు వందకు రెండుకు, జూలైలో ఒకటికి దిగాయి. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. చేతుల మీద శవం వాసన పోవాలి, అదే ఆయన కొలత. అయినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

తాగేనీళ్ళలో కలపడం ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ ఊళ్ళో టైఫాయిడ్ వ్యాపించినప్పుడు నీళ్ళ పైపులను ఈ పొడితో శుభ్రం చేశారు. ఆ వెంటనే 1899లో బోయర్ యుద్ధం మొదలైంది. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ పక్షాన చనిపోయిన దాదాపు 22,000 మందిలో 13,000 మందికి పైగా జబ్బులతోనే పోయారు. అందులో ముఖ్యమైనది టైఫాయిడ్. శత్రువు తూటాకన్నా వాటర్ బాటిలే ఎక్కువమందిని చంపింది.

ఆ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1903లో, మన దేశంలోనే ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేస్తున్న నెస్‌ఫీల్డ్ అనే ఆఫీసరు, క్లోరిన్‌తో తాగేనీటిని శుద్ధి చేయవచ్చని, ద్రవంగా మార్చి సిలిండర్లో మోయవచ్చని పత్రికలో రాశాడు. సైనికుల కోసమే ఆయన ఆలోచించాడు. 1910లో అమెరికన్ సైన్యంలో మేజర్ డార్నల్ అదే దారిలో యంత్రం చేసి చూపించాడు. అదే సైన్యంలో లిస్టర్ అనే డాక్టరు ఇంకా సులువు చేశాడు. కాన్వాస్ సంచిలో నీళ్ళు పోసి, అందులో ఈ పొడి చిన్న గొట్టం ఒకటి పగలగొట్టి వేసి, సంచిని చెట్టుకు వేలాడదీయడం. దాన్ని లిస్టర్ బ్యాగ్ అనేవారు.

పెద్ద ఊరికి నిరంతరాయంగా క్లోరిన్ నీళ్ళు ఇచ్చిన వాటిలో పేరుపొందింది అమెరికాలోని జెర్సీ సిటీ. 1908 సెప్టెంబరులో అక్కడ డాక్టర్ జాన్ లీల్ ఈ పొడినే వాడాడు. తాగేనీళ్ళలో రసాయనం కలుపుతారా అని కోర్టులో అభ్యంతరం పెట్టారు. లీల్ తండ్రి కూడా డాక్టరే, అమెరికా అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్ళి అక్కడ విరేచనాల జబ్బు తెచ్చుకుని, ఏళ్ళ తరబడి బాధపడి పోయారు. ఒక మాజీ సైనికుడి కొడుకు ఇలాంటి పని తలకెత్తుకోవడంలో ఆశ్చర్యం లేదు. చివరికి కోర్టు కూడా ఆయన పద్ధతిని ఒప్పుకుంది.

పొడి ఎలా చస్తుంది

తాజా బ్లీచింగ్ పౌడర్‌లో నూటికి 33 పాళ్ళ దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మిగతాది సున్నం, కాల్షియం క్లోరైడ్, కొంచెం తేమ. ఇది మూడు దారుల్లో చెడిపోతుంది.

మొదటిది గాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, చెమ్మ కలిసి పొడిని పట్టుకుంటాయి. క్లోరిన్ బయటపడి ఎగిరిపోతుంది, మిగిలేది సుద్ద. మూత తీయగానే ఘాటు కొట్టిందంటే మందు బాగుందని సంబరపడతాం. నిజానికి ఆ ఘాటు మన చేతుల్లోంచి పోతున్న క్లోరిన్.

రెండోది వేడి, వెలుతురు. వీటివల్ల పొడి తనంతట తానే విరిగిపోతుంది. ఒక దారిలో ఆక్సిజన్ వదిలేసి ఉత్త కాల్షియం క్లోరైడ్‌గా మిగులుతుంది. ఇంకో దారిలో క్లోరేట్ అనే వేరే లవణం అవుతుంది. దానికి మనం వాడే మోతాదులో క్రిముల్ని చంపే శక్తి లేదు. వేడి పెరిగేకొద్దీ ఈ విరుగుడు వేగం కూడా బాగా పెరుగుతుంది. గ్లాస్గో చలిలో నెలలు నిలిచేది రాజస్థాన్ ఎండలో నిలవదు.

మూడోది తనలోనే ఉన్న శత్రువు. విరిగినప్పుడు పుట్టే కాల్షియం క్లోరైడ్‌కు చెమ్మను లాక్కునే గుణం ఉంది. అంటే కొంత చెడితే చెమ్మ వస్తుంది, చెమ్మ వస్తే ఇంకా చెడుతుంది. పొడి గడ్డకట్టిందంటే ఈ వ్యవహారం చాలా దూరం వెళ్ళిందని అర్థం. ఇనుప డబ్బా అయితే అదీ తుప్పు పడుతుంది, ఆ తుప్పు కూడా విరుగుడును తొందరపెడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్క ఒకటి ఉంది. డబ్బా రోజుకు పది నిమిషాలు మాత్రమే తెరిస్తే నలభై రోజుల్లో ఉన్న క్లోరిన్‌లో 5 శాతం పోతుంది. అన్నాళ్ళూ తెరిచే ఉంచితే దాదాపు 18 శాతం పోతుంది. మూత పెట్టడం, పెట్టకపోవడం మధ్య తేడా ఇంత.

ఈ బాధ వేడిదేశాల్లో ఎక్కువ కాబట్టి, పొడిలో పొడిసున్నం అదనంగా కలపడం మొదలుపెట్టారు. చెమ్మ వస్తే ముందు ఆ సున్నం తాగేస్తుంది. దీన్ని ట్రాపికల్ బ్లీచ్ అన్నారు. 1917 జూలైలో ఈప్ర్ దగ్గర జర్మన్లు మస్టర్డ్ గ్యాస్ వాడిన తర్వాత, ఆ విషం పడిన నేలను, సామాన్లను శుభ్రం చేయడానికి కూడా ఈ పొడే దిక్కయింది. ఎన్‌బీసీ ట్రైనింగ్ చేసినవాళ్ళకు సూపర్ ట్రాపికల్ బ్లీచ్ అనే పేరు గుర్తుండే ఉంటుంది. అది ఈ వంశంలోదే. సున్నం కలిపితే చావు ఆలస్యమవుతుంది గాని ఆగదు.

నేవీ మిత్రులకు ఇంకో మాట. 60, 70 శాతం క్లోరిన్ ఉండే గట్టి రకం కాల్షియం హైపోక్లోరైట్ కూడా ఉంది. అది ఎక్కువ మొత్తంలో ఒకచోట వేడికి గురైతే, విరుగుడు వల్ల పుట్టిన వేడి బయటికి పోలేక, ఇంకా విరిగి, చివరికి పేలిపోతుంది. 1998 డిసెంబరు చివర్లో అకొంకాగువా అనే కంటైనర్ ఓడలో అదే జరిగింది. వేడిచేసిన ఇంధనం ట్యాంకు పక్కన ఈ సరుకు కంటైనర్ ఉంది. అది పేలి ఓడ తగలబడింది. కంపెనీల మధ్య కేసు ఇంగ్లండు కోర్టుల్లో చాలా ఏళ్ళు నడిచింది. నెమ్మదిగా చచ్చేది ఒక్కోసారి అలా ఒక్కసారిగా కూడా చస్తుంది.

హారక్స్ పెట్టె

పొడి బలం రోజూ మారుతుంది. నీళ్ళలో మురికి కూడా రోజూ మారుతుంది. మురికి ఎక్కువైతే క్లోరిన్‌ను అదే తినేస్తుంది, క్రిములకు మిగలదు. మరి ఎంత వేయాలి? లాబొరేటరీ లేని చోట ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది సర్ విలియం హారక్స్. బ్రిటిష్ ఆర్మీ మెడికల్ కోర్ ఆఫీసరు, మన దేశంలోనూ సర్వీసు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం వాటర్ కార్టులు ఆయన పద్ధతి మీదే నడిచాయి. లక్నో సెంటర్‌లో మా ఉస్తాద్ ఈ పెట్టె మాచేత ఎన్నిసార్లు తెరిపించాడో లెక్కలేదు.

తెలియనివారి కోసం చెబుతాను. అందులో ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు, రెండు గ్రాముల చెంచాలు, కలిపే కడ్డీలు, ఒక పిపెట్, చుక్కలు వేసే గొట్టాలు, స్టార్చ్ అయొడైడ్ ద్రావణం ఉంటాయి. నల్ల కప్పులో ఒక చెంచా పొడి ముద్దగా కలిపి, గీత వరకు నీళ్ళు పోసి తేరనివ్వాలి. ఆరు తెల్ల కప్పుల్లో మనం తాగబోయే నీళ్ళు పోయాలి. తేరిన ద్రావణం మొదటి కప్పులో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరో దాంట్లో ఆరు. అరగంట ఆగాలి. ఆ తర్వాత ప్రతి కప్పులో మూడు చుక్కలు స్టార్చ్ అయొడైడ్ వేయాలి. క్లోరిన్ మిగిలి ఉంటే నీలం రంగు వస్తుంది. మొదట నీలం వచ్చింది మూడో కప్పు అయితే, 455 లీటర్లకు మూడు చెంచాలు. అంటే పాత లెక్కలో వంద గ్యాలన్లకు.

దీని గొప్పతనం నాకు ఆలస్యంగా తెలిసింది. ఇది నీళ్ళను మాత్రమే పరీక్షించదు. పొడిని కూడా పరీక్షిస్తుంది. డబ్బా మీద ఏం రాసుందో, స్టోర్ లెడ్జర్‌లో ఏం ఉందో దానికి అక్కర్లేదు. పొడి సగం చచ్చి ఉంటే నీలం ఆలస్యంగా వస్తుంది. పూర్తిగా చచ్చి ఉంటే రానే రాదు.

నా తప్పు

1996 మే నెల. నేను అప్పుడు నాయక్‌ని. రాజస్థాన్‌లో ఫీల్డ్ ఫైరింగ్ క్యాంపు. యూనిట్ పేరు రాయను. బౌజర్ రోజూ ఒకే ట్యూబ్‌వెల్ నుంచి నీళ్ళు తెచ్చేది. బ్లీచింగ్ పౌడర్ డ్రమ్ము రేకుల షెడ్డులో ఉండేది. లోపలి ప్లాస్టిక్ సంచి చిరిగి ఉంది, మూత సరిగ్గా పడదు. మొదటి రెండు రోజులు పెట్టె తెరిచి పరీక్ష చేశాను. మూడో కప్పులో నీలం వచ్చింది. ఆ తర్వాత అవే నీళ్ళు, అదే పొడి కదా అనుకున్నాను. అరగంట ఎండలో ఎవడు కూర్చుంటాడు? రోజూ మూడు చెంచాల లెక్క చొప్పున వేసి, రిజిస్టర్‌లో "పరీక్షించాను, సరిగా ఉంది" అని సంతకం పెట్టాను. ఇలా పద్దెనిమిది రోజులు.

పంతొమ్మిదో రోజు పొద్దున రోల్‌కాల్‌కు ఆరుగురు రాలేదు. సాయంత్రానికి ఇరవై ముగ్గురు. వాంతులు, విరేచనాలు. అందులో శ్రీకాకుళం కుర్రాడు ఒకడున్నాడు. సర్వీసు రెండేళ్ళు కూడా నిండలేదు. నన్ను "అన్నా" అనేవాడు, తెలుగు మాట్లాడటానికని రోజూ రాత్రి నా టెంట్‌కు వచ్చేవాడు. ఆ రాత్రి వాడి కళ్ళు లోపలికి పోయాయి, చేతి నాడి దొరకడం లేదు. డ్రిప్ పెట్టి అంబులెన్స్‌లో పంపిస్తుంటే, "అన్నా, దాహం" అన్నాడు. ఆ దాహానికి నీళ్ళు ఇచ్చింది నేనే.

మా ఎంఓ సాబ్ యువ కెప్టెన్. అరవలేదు. "పెట్టె తీసుకురా" అన్నారు అంతే. నాచేతే ఆరు కప్పులు పెట్టించారు. అరగంట అయ్యాక చుక్కలు వేశాను. ఒక్క కప్పులోనూ రంగు లేదు. "నీళ్ళలో మురికి ఎక్కువైందేమో సాబ్" అన్నాను. ఆయన ఎంఐ రూమ్ నుంచి డిస్టిల్డ్ వాటర్ తెప్పించి, అందులో అదే పొడి ద్రావణం వేయించారు. అక్కడా నీలం లేదు. నీళ్ళకు కాదు, పొడికే ప్రాణం లేదు. మర్నాడు వేరేచోటి నుంచి కొత్త డ్రమ్ము వచ్చింది. అదే నీళ్ళు, రెండో కప్పులోనే నీలం.

ట్యూబ్‌వెల్ దగ్గర పైపు పగిలి మురుగు కలుస్తోందని తర్వాత బయటపడింది. మొదటి రెండువారాలు నీళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి చచ్చిన పొడి సంగతి బయటపడలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. పొడి చచ్చిన రోజు ఎవరికీ ఏమీ కాదు. మురుగు కలిసిన రోజు తెలుస్తుంది. ఆ రోజుకు మనకు ఏ ఆధారం ఉండదు.

నన్ను సీఓ సాబ్ ముందుకు మార్చ్ చేయించారు. శిక్ష పడింది, పడాల్సిందే. ఆ కుర్రాడు వారానికి కోలుకుని తిరిగొచ్చాడు. నన్ను ఏమీ అనలేదు. అసలు వాడికి రిజిస్టర్ సంగతి తెలియదు. రెండేళ్ళ తర్వాత పోస్టింగు మీద పోతుంటే నేనే చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఇప్పుడు రోజూ చేస్తున్నావు కదన్నా" అన్నాడు. అప్పటినుంచి రిటైరయ్యే రోజు దాకా, కొండల మీద ఉన్నా, 1999 అక్టోబరు తుఫాను తర్వాత ఒడిశా ఊళ్ళల్లో ఉన్నా, నేను పెట్టె తెరవకుండా సంతకం పెట్టలేదు.

ఢిల్లీ నేర్పిన పాఠం

ఇందులో ఇంకో మెట్టు కూడా ఉంది. 1955 చివర్లో ఢిల్లీలో యమున దారి మార్చుకోవడంతో నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీళ్ళు వజీరాబాద్ దగ్గర తాగునీటి పంపుల్లోకి వచ్చాయి. అధికారులు క్లోరిన్ పెంచారు. దానివల్ల టైఫాయిడ్, విరేచనాలు పెద్దగా రాలేదు. కానీ కొన్ని వారాల తర్వాత దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. బ్యాక్టీరియాను ఆపిన మోతాదు వైరస్‌కు చాలలేదు. అది హెపటైటిస్ ఇ అని తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ వైరస్‌ను 1983లో మొదట చూపించిన రష్యన్ శాస్త్రవేత్త బలయాన్, అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సైనికులకు వచ్చిన కామెర్లను పరిశీలిస్తూ, రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని మరీ నిరూపించాడు. అంటే మంచి పొడి ఉన్నా సరే, మురుగును ముందు దూరం పెట్టాలి, నీళ్ళను వడకట్టాలి, అప్పుడే క్లోరిన్. అది చివరి కాపలాదారు మాత్రమే. ఆ కాపలాదారు నిద్రపోతున్నాడో మేలుకున్నాడో చూడటం మన పని.

మా ఊరి ట్యాంకు

రిటైరై ఊరికి వచ్చాక ఒకరోజు పంచాయతీ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు వదిలే కుర్రాడు బస్తాలోంచి పొడి తీసి బకెట్‌లో కలుపుతున్నాడు. బస్తా మూతి విప్పే ఉంది, అడుగున గడ్డలు. "ఇది ఎప్పటిదిరా?" అన్నాను. "పోయిన వేసవిదే మిలిటరీ బాబాయ్, తెల్లగానే ఉందిగా" అన్నాడు. నాకు 1996 గుర్తొచ్చింది. వాణ్ణి తిట్టలేదు. తిట్టే అర్హత నాకు లేదు.

ఊరి చివరి కుళాయి నీళ్ళు పట్టి, గులాబీ రంగు వచ్చే మాత్ర వేసి చూపించాను. రంగు రాలేదు. పంచాయతీ వాళ్ళతో మాట్లాడి కొత్త బస్తా తెప్పించాం. మళ్ళీ చివరి కుళాయి దగ్గరే చూస్తే గులాబీ రంగు వచ్చింది. ఆ కుర్రాడు ఇప్పుడు రోజూ చివరి కుళాయి దగ్గర పరీక్ష చేసి, ఆ తర్వాతే పుస్తకంలో రాస్తున్నాడు.

మన సోదరులు చాలామంది రిటైరై ఊళ్ళల్లో, కాలనీల్లో స్థిరపడ్డారు. ట్యాంకు బాధ్యత ఎక్కడో ఒకచోట మన మీద పడుతుంది. అందుకని నాలుగు మాటలు:

1. బస్తా లేదా డబ్బా మీద తయారైన తేదీ చూడండి. పాతది ముందు వాడండి. ఎక్కువ కొని నిల్వ పెట్టకండి.
2. చీకటిగా, చల్లగా, పొడిగా ఉండే గదిలో నేలకు ఎత్తుగా పెట్టండి. రేకుల షెడ్డు పనికిరాదు. తడి చెంచా ముంచకండి. తీసిన వెంటనే మూత బిగించండి.
3. యాసిడ్, పెట్రోలు, డీజిలు, ఎరువులు దగ్గర పెట్టకండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది.
4. గడ్డకట్టిన పొడి తాగేనీళ్ళకు వాడకండి.
5. కలిపాక కనీసం అరగంట ఆగి, చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయండి. చేసిన తర్వాతే సంతకం పెట్టండి.

రెండు వందల ఏళ్ళకు పైబడిన ఈ పొడి చరిత్రలో నాకు కనిపించింది ఒక్కటే. హారక్స్ పొడిని నమ్మి ఊరుకోలేదు, పరీక్షించే పద్ధతి ఇచ్చాడు. నమ్మి ఊరుకున్నవాడిని నేను. మా నాయనమ్మ బిందె దించగానే వాసన చూసేది. అంతకన్నా పెద్ద సూత్రం నాకు తెలియదు.

 తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

జై హింద్.